అశోక్‌నగర్‌లో పిల్లలకు రూమ్ చూస్తున్నారా? మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి చూడండి

గ్రూప్స్ అనో, డీఎస్సీ అనో నోటిఫికేషన్ మాట వినపడితే చాలు, జిల్లాల నుంచి పిల్లలు చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ దారి పడతారు. మన ఇళ్లలోనూ అంతే. అమ్మీ గాజులు తాకట్టు పెట్టో, గల్ఫ్‌లో ఉన్న భాయ్‌జాన్ పంపిన డబ్బుతోనో కోచింగ్ ఫీజు కట్టేస్తారు. హాస్టల్ చూడ్డానికి వచ్చినప్పుడు మాత్రం అడిగేవి మూడే: అద్దె ఎంత, మెస్‌లో తిండి ఎలా ఉంటుంది, వైఫై ఉందా. గదికి కిటికీ ఎటువైపు ఉంది, పైన ఇంకో అంతస్తు ఉందా లేక ఎండేనా, ఈ సంగతులు ఎవరూ అడగరు. పిల్లవాడు ఏడాదో రెండేళ్లో బతకాల్సింది ఆ నాలుగు గోడల మధ్యే కదా.

ముందు పైకప్పు సంగతి. హైదరాబాద్‌లో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండాకాలంలో ఇంటికి తగిలే వేడిలో పెద్ద వాటా గోడలది కాదు, స్లాబ్‌ది. స్లాబ్ పొద్దంతా వేడిని తాగుతుంది, రాత్రి దాన్ని గదిలోకి వదుల్తుంది. ఇషా తర్వాత బయట గాలి చల్లబడ్డా పై అంతస్తులో మంచం ఎక్కితే వీపు కాలడానికి కారణం అదే. ఇక డాబా మీద రేకులేసి దానికి పెంట్‌హౌస్ అని పేరు పెట్టిన గదుల గురించి చెప్పక్కర్లేదు. అద్దె వెయ్యి తక్కువని అక్కడ దింపితే ఏప్రిల్, మే నెలల్లో నిద్ర ఉండదు. నిద్ర లేని పిల్లవాడికి పాలిటీ ఎక్కదు, ఎకానమీ ఎక్కదు.

దీనికి మందు ఉంది, అదీ మన ఊళ్లోనే చేసి చూశారు. 2017లో బంజారాహిల్స్ దగ్గరి దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ల పైకప్పుల మీద ఎండను వెనక్కి కొట్టే తెల్లని పొర పరిచారు. అలాంటివే పక్క ఇళ్లతో పోలిస్తే లోపల సగటున 2 డిగ్రీలు తక్కువ వచ్చింది. రెండు డిగ్రీలేనా అనిపిస్తుంది, కానీ ఫ్యాన్ కింద ఉన్నవాడికి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ తేడా అంతే ఉంటుంది. ఆ తర్వాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకూ చల్లని పైకప్పు తప్పనిసరి అన్నారు. ఈ గల్లీల్లో చాలా బిల్డింగులు చిన్న జాగాల్లోనివి, వాటికి అది ఓనర్ ఇష్టం. అందుకే అడగాలి. డాబాకి రెండు కోట్లు సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేయడం ఓనర్‌కి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు గాలి. ఏసీ స్టడీ హాల్లో కూర్చుంటే మధ్యాహ్నానికి తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, పిల్లలూ తమనే తిట్టుకుంటారు. అసలు విషయం చాలామందికి తెలియదు: మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదుల్తుంది.

చిన్న లెక్క వేద్దాం, నేను కామర్స్ వాణ్ణి కాబట్టి ఊరుకోలేను. పది బై పన్నెండు గది, పది అడుగుల ఎత్తు అనుకోండి. అందులో దాదాపు 34 వేల లీటర్ల గాలి ఉంటుంది. కూర్చుని చదివే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తాడు, నలుగురైతే 72. పూర్తిగా మూసేసిన గదిలో గంటలోనే ఆ వాయువు పది లక్షల పాళ్లలో 2,000 పాళ్ల దాకా పెరుగుతుంది. బయటి గాలిలో అది 420 ప్రాంతంలోనే ఉంటుంది. తలుపు సందుల వల్ల నిజంగా ఇంత తొందరగా పెరగకపోవచ్చు, కానీ పోయే దారి అదే. 2012లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 22 మందిని ఇలాంటి గాలిలో కూర్చోబెట్టి పరీక్ష పెడితే 1,000 దగ్గరే నిర్ణయాలు తీసుకునే శక్తి కొంత తగ్గింది, 2,500 దగ్గర బాగా పడిపోయింది. తర్వాతి పరిశోధనలన్నీ అదే మాట చెప్పలేదు. అయినా మూసిన గదిలో వేడి, వాసన, ఒకరి దగ్గు ఇంకొకరికి అంటడం, ఇవి కళ్లముందు కనిపించేవే. టీబీ గాలి ద్వారానే వస్తుంది. రూమ్‌లో ఎవరికైనా రెండు వారాలు మించి దగ్గుంటే ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా పరీక్ష చేస్తారు, సిగ్గుపడి దాచొద్దు.

గాలి ఆడుతుందో లేదో చూడ్డానికి యంత్రాలు వద్దు. తలుపు వేసి, కిటికీ తీసి ఒక ఊదుబత్తి వెలిగించండి. పొగ ఒకవైపుకు లాగినట్టు పోతే మంచిదే, నిలువుగా లేచి గదిలోనే తిరుగుతుంటే ఆలోచించాలి. ఇంకో మోసం ప్లైవుడ్‌ది. ఒక హాలుకి ఒకటే కిటికీ, దాన్ని నాలుగు గదులు చేస్తారు, కిటికీ ఒక్కరి వాటాకి పోతుంది, అద్దె మాత్రం అందరికీ ఒకటే! నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం పొడి వేడి ప్రాంతంలో కిటికీల విస్తీర్ణం నేలలో పదో వంతైనా ఉండాలి. పది బై పన్నెండు గదికి 12 చదరపు అడుగులు, అంటే మూడు బై నాలుగు కిటికీ. టేపు అక్కర్లేదు, కంటితోనే తెలిసిపోతుంది.

కూలర్ పెట్టుకుంటాం అంటారు. మే నెల పొడి గాలికి కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ కిటికీ తెరిచి ఉంటేనే. మూసిన గదిలో అది ఉక్కపోత మిషన్. జూలైలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి కూలర్ వల్ల లాభం లేదు, ఫ్యాన్ చాలు. ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమటను ఆరబెడుతుంది, అంతే. పాత ఫ్యాన్‌ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెడుతుంది. రోజుకు 18 గంటలు తిరిగితే నెలకు 24 యూనిట్లు మిగులుతాయి. కరెంటు బిల్లు విడిగా కట్టే రూమ్ అయితే ఇది కూడా మాట్లాడుకోండి.

వెలుతురు విషయంలో పెద్ద చర్చ అవసరం లేదు. చదువుకునే బల్ల మీద 300 లక్స్ ఉంటే బాగుంటుంది, ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్‌తో సుమారుగా చూడొచ్చు. ట్యూబ్‌లైట్ వీపు వెనక ఉంటే పుస్తకం మీద సొంత నీడే పడుతుంది, ఒక టేబుల్ ల్యాంప్ కొనిస్తే సరి. పగలు రాత్రి తేడా తెలియని క్యాబిన్లలో నెలల తరబడి ఉంటే నిద్ర టైము తప్పుతుంది. ఫజర్ తర్వాత ఒక అరగంట ఆరుబయట ఉండమనండి, ఇందిరా పార్క్ దగ్గరే. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్ల కింద కూర్చుని చదివేవాళ్లను చూసి జాలిపడతాం కానీ, గాలీ వెలుతురూ వాళ్లకే ఎక్కువ.

సెల్లార్‌లో స్టడీ హాల్ అయితే ఒకటే మాట, వద్దు. సెల్లార్‌కి పర్మిషన్ పార్కింగ్ కోసం ఇస్తారు. 2024 జూలై 27న ఢిల్లీలో ఓ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్లొచ్చి ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. హుస్సేన్‌సాగర్ నాలా అశోక్‌నగర్ పక్క నుంచే పోతుందని మర్చిపోవద్దు.

ఆడపిల్లల హాస్టళ్లలో ఇబ్బంది వేరే. ఎదురు బిల్డింగ్ నాలుగడుగుల దూరంలో ఉంటుంది, పర్దా కోసం కిటికీకి పేపర్ అంటించి, ఏడాది పొడవునా మూసే ఉంచుతారు. తడి బట్టలు గదిలోనే ఆరేస్తారు. వానాకాలం వచ్చేసరికి అల్మారా వెనక గోడ నల్లబడుతుంది, ఆస్తమా ఉన్న పిల్ల అక్కడ అల్లాడిపోతుంది. దాని మీద పెయింట్ వేస్తే రెండు నెలల్లో మళ్లీ వస్తుంది. లీకేజీ ఆపాలి, గాలి ఆడాలి. మన పాత ఇళ్లలో తలుపు మీద రోషన్‌దాన్ ఎందుకు పెట్టేవారో ఇక్కడ అర్థమవుతుంది: వేడి గాలి పైనుంచి పోయేది, లోపలివాళ్లు ఎవరికీ కనపడేవాళ్లు కారు. ఇప్పుడు అదే పని కిటికీ పై అరలో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్, కింద అరలో జాలీ చేస్తాయి. అడ్వాన్స్ ఇచ్చాక అడిగితే ఓనర్ రేపు చూద్దాం అంటాడు. ఇవ్వకముందే పెట్టించుకోండి, గది చూడ్డానికి కూడా పొద్దున పదింటికి కాకుండా జుహర్, అసర్ మధ్యలో వెళ్లండి. పడమటి గోడ మీద అరచెయ్యి ఆనిస్తే ఆ గదిలో మే నెల ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.