డేటా పోయిన రోజును ముందే లెక్కేసుకోవాలి

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ నడిపే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు, నకలు సర్వర్‌లో ఉన్నాననుకుని అసలు డేటాబేస్ ఫైళ్లను చెరిపేశారు. పొరపాటు గుర్తించి ఆపేసరికి సుమారు 300 జీబీలో మిగిలింది 4.5 జీబీ. రోజుకోసారి డేటాను ఎగుమతి చేసి దాచే ఏర్పాటు అక్కడ ఉంది. కానీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 అయితే, ఎగుమతి చేసే ప్రోగ్రాం 9.2. రెంటికీ పొసగక ఆ పని విఫలమవుతూ వచ్చింది. విఫలమైందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. చివరికి ఆదుకున్నది, వేరే పరీక్షల కోసం ఆరు గంటల ముందు తీసిన డిస్క్ స్నాప్‌షాట్. అది నెమ్మది డిస్కుల మీద ఉండటంతో సైట్ మళ్లీ తెరుచుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. కోడ్ భద్రంగానే ఉన్నా, ఆ ఆరు గంటల్లో జనం రాసిన వ్యాఖ్యలు, తెరిచిన ఖాతాలు పోయాయి. అందుకే ఏ రకం బ్యాకప్ తీయాలో తేల్చే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలంటాను: ఎంతసేపటి పని పోయినా తట్టుకోగలం? ఎంతసేపు తలుపులు మూసుకుని ఉండగలం?

ఆదివారం పూర్తి బ్యాకప్ తీశారు, గురువారం మధ్యాహ్నం డేటా పోయింది అనుకుందాం. మధ్య రోజుల్లో డిఫరెన్షియల్ తీసి ఉంటే ఆదివారందీ బుధవారందీ చాలు, ఎందుకంటే డిఫరెన్షియల్ పూర్తి బ్యాకప్ తర్వాతి మార్పులన్నిటినీ ప్రతిసారీ దాస్తుంది. ఇంక్రిమెంటల్ అయితే క్రితం రోజు తర్వాతి మార్పులే ఉంటాయి. చోటు, సమయం బాగా ఆదా అవుతాయి గానీ నాలుగు రోజులవీ వరసగా ఎక్కించాలి. మంగళవారం ఫైలు పాడైతే బుధవారందీ అక్కరకు రాదు. ఏ దారిలో వెళ్లినా బుధవారం రాత్రి దగ్గరే ఆగుతాం. గురువారం ఉదయం లావాదేవీలు కావాలంటే, ప్రతి మార్పునూ నమోదు చేసే లాగ్ ఫైళ్లను కూడా ఎప్పటికప్పుడు వేరేచోట దాచాలి. అప్పుడు తప్పుడు కమాండ్ పడిన క్షణానికి ముందువరకూ వెళ్లొచ్చు. అయితే పోస్ట్‌గ్రెస్‌లో ఈ లాగులు ఫైళ్ల స్థాయిలో తీసిన బ్యాకప్‌తోనే పనిచేస్తాయి, ఎగుమతి చేసిన ఫైలుతో కాదు. చిన్న మందుల షాపుకు రాత్రి తీసే పూర్తి బ్యాకప్ సరిపోవచ్చు, పోయిన బిల్లులు మళ్లీ ఎక్కించుకోగలరు కాబట్టి. బ్యాంకుకు లాగులు లేకుండా కుదరదు.

నకలు సర్వర్ ఎప్పుడూ నడుస్తుంటే ఇదంతా ఎందుకని చాలామంది అడుగుతారు. యంత్రం చెడితే అది నిజంగానే కాపాడుతుంది. మనిషి పొరపాటున పట్టికను తొలగిస్తే మాత్రం ఆ తొలగింపు కూడా క్షణాల్లో అక్కడికి చేరుతుంది. బ్యాకప్ పనిచేస్తుందో లేదో తిరిగి ఎక్కించి చూడటానికి ఖర్చవుతుందన్న మాటకు ఇంకాస్త బలముంది. పెద్ద డేటాబేస్‌కు అదనపు యంత్రం, మనుషుల సమయం కావాలి. అయినా నెలకోసారి వేరే యంత్రం మీద ఎక్కించి గడియారం చూసుకోనిదే, ఓర్చుకోగలిగినంత సేపట్లో తిరిగి తెరవగలమా అన్నదానికి మన దగ్గర ఊహ తప్ప జవాబుండదు. ఆ పరీక్షలో తొమ్మిది గంటలు పట్టి, సంస్థ ఓర్చుకోగలిగింది రెండు గంటలే అయితే, పూర్తి బ్యాకప్‌లు ఇంకా తరచుగా తీయడమో, వేగమైన డిస్కులు కొనడమో ఆ వారమే మొదలుపెట్టాలి.