గేరు మెత్తగా పడాలంటే ఏ ఆయిల్ పోయాలి?

మొదటి గేరులో ఇంజన్‌ను 6,000 ఆర్‌పీఎం దాకా లాగి, క్లచ్ తొక్కి, రెండో గేరు వేశారనుకోండి. మీ చేతికి అది ఒక్క కదలిక. గేరుబాక్సులో మాత్రం నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్న షాఫ్టు అర సెకనులోపే 3,612 చుట్లకు దిగాలి. తేడా 2,388 చుట్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాను ఫుల్ స్పీడు మీద నిమిషానికి దాదాపు 350 చుట్లు తిరుగుతుంది. దానికి దాదాపు ఏడు రెట్ల వేగాన్ని రెప్పపాటులో దించాలన్నమాట. ఈ పనంతా చేసేది ఒక సన్నటి ఇత్తడి రింగు. దాని పేరు సింక్రో రింగు.

ఈ లెక్క మాజ్దా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారుది. 1989లో వచ్చిన ఈ కారు మన షోరూముల్లోకి ఎప్పుడూ రాలేదు. అమెరికాలో మాత్రం సెకండ్ హ్యాండులో తేలిగ్గా దొరుకుతుంది. ఉదాహరణకు దీన్నే తీసుకోవడానికి కారణం ఉంది. చలిలో దీని రెండో గేరు మొరాయిస్తుందన్నది ఈ కారు నడిపేవాళ్లందరికీ తెలిసిన సంగతి. పైగా దీని గేరు నిష్పత్తులు లెక్కకు అనువుగా ఉంటాయి. పాత ఐదు గేర్ల బాక్సులో అవి వరసగా 3.136, 1.888, 1.330, 1.000, 0.814. సిద్ధాంతం మాత్రం ఏ మాన్యువల్ కారుకైనా ఒకటే. మన దగ్గరి పోలో జీటీ అయినా, బలెనో ఆర్‌ఎస్ అయినా, ఆల్ట్రోజ్ రేసర్ అయినా తేడా అంకెల్లోనే.

గొడవ ఎప్పుడూ రెండో గేరుతోనే ఎందుకు? అదే 6,000 దగ్గర నాలుగు నుంచి ఐదుకు మారిస్తే షాఫ్టు దిగాల్సింది 1,116 చుట్లే. ఒకటి నుంచి రెండుకు దిగాల్సిన 2,388 దానికి రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ. అయితే రింగు మీద పుట్టే వేడి వేగంలో తేడాకు వర్గంగా పెరుగుతుంది కాబట్టి, రెండో గేరు రింగు భరించేది ఐదో గేరు రింగుకు నాలుగున్నర రెట్లు. ముందుగా అరిగేది అదే, ముందుగా గరగరలాడేదీ అదే.

ఇక ఆయిల్ సంగతి. సింక్రో రింగు లోపలి ముఖం గరాటులా వాలుగా ఉంటుంది. గేరు వేసేటప్పుడు అది గేరు పక్కనున్న కోను మీదికి ఒత్తుకుని, రాపిడితో దాని వేగాన్ని తన వేగానికి తెస్తుంది. రెండు వేగాలూ కలిశాకే పళ్లు నిశ్శబ్దంగా జతపడతాయి. రింగు కోనును పట్టుకోవాలంటే మధ్యనున్న ఆయిల్ పొర క్షణంలో పక్కకు తప్పుకోవాలి. రింగు లోపల సన్నటి గాట్లు ఉండేది ఇందుకే. కానీ అదే ఆయిల్ గేరు పళ్ల మధ్య మాత్రం ఎంత ఒత్తిడి పడ్డా కదలకుండా నిలబడాలి. అంటే ఒక చోట తప్పుకోవాలి, ఇంకో చోట తప్పుకోకూడదు. గేర్ ఆయిల్ ఎంపికలోని చిక్కంతా ఇక్కడే ఉంది. ‘ఎంత జారుడుగా ఉంటే గేరు అంత మెత్తగా పడుతుంది’ అన్న నమ్మకం సగమే నిజం. జారుడు ఎక్కువైతే రింగుకు పట్టు చిక్కదు.

డబ్బా మీద కనిపించే మొదటి తిరకాసు జీఎల్-4, జీఎల్-5. ఇవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ పెట్టిన తరగతులు. నాలుగు కంటే ఐదు కొత్తదేమో, మెరుగైనదేమో అనిపించడం సహజం. ఇంజన్ ఆయిల్లో అలాగే ఉంటుంది, ఎస్‌ఎన్ తర్వాత వచ్చిన ఎస్‌పీ దాని స్థానాన్ని తీసుకుంటుంది. గేర్ ఆయిల్లో అలా కాదు. ఇవి రెండు వేర్వేరు పనులకు తయారైనవి, రెండూ నేటికీ చెల్లుబాటులో ఉన్నవే. వెనక చక్రాలతో నడిచే కార్లలో డిఫరెన్షియల్లోని హైపాయిడ్ గేర్లు, అంటే ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా జారుతూ తిరిగే గేర్లు, విపరీతమైన ఒత్తిడి మీద పనిచేస్తాయి. వాటికోసమే జీఎల్-5. అందులో గంధకం, భాస్వరం కలిసిన ఒత్తిడి నిరోధక రసాయనాలు జీఎల్-4లో ఉన్నదానికి సాధారణంగా రెట్టింపు ఉంటాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కు మూసుకునేట్టు చేసే వాసన ఆ గంధకానిదే.

‘జీఎల్-5 ఇత్తడిని తినేస్తుందట కదా?’ అని అడుగుతారు. పూర్తిగా అబద్ధం కాదు, పూర్తిగా నిజమూ కాదు. జీఎల్-5 ప్రమాణంలో ఒక రాగి పట్టీని 121 డిగ్రీల వేడి ఆయిల్లో 3 గంటలు ఉంచి చూసే పరీక్ష ఉంది. 1 నుంచి 4 దాకా ఉండే కొలమానంలో 3 వరకు, అంటే బాగా నల్లబడేదాకా, అనుమతిస్తారు. 4 అంటే తుప్పు తినడం, దానికి ఒప్పుకోరు. నేటి మంచి జీఎల్-5 ఆయిళ్లలో ఇత్తడిని కాపాడే రసాయనాలు కూడా కలుపుతున్నారు. కాబట్టి రాత్రికి రాత్రే రింగు కరిగిపోదు. నా దృష్టిలో అసలు బెడద తుప్పు కాదు, రాపిడి. ఆ ఒత్తిడి నిరోధక రసాయనాలు ఇత్తడి మీద పరుచుకుని కోను పట్టును మందగింపజేస్తాయి, గేరు పడటం ఆలస్యమవుతుంది.

మరి జీఎల్-5ను గేరుబాక్సులో అసలు పోయకూడదా అంటే, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐని చూడండి. ఆ కారులో ముందు డిఫరెన్షియల్ గేరుబాక్సు గూటిలోనే ఉంటుంది, రెండింటికీ ఒకే ఆయిల్, మొత్తం 4.1 లీటర్లు. హైపాయిడ్ గేర్లు అక్కడే ఉన్నాయి కాబట్టి జీఎల్-5 తప్పనిసరి. గేరు మెత్తగా పడాలని ఎవరైనా అందులో జీఎల్-4 పోస్తే, చేతికి సుఖంగా ఉంటుందేమో గానీ డిఫరెన్షియల్‌కు చేటు. ఎంఎక్స్-5లో డిఫరెన్షియల్ వెనక విడిగా ఉంటుంది. అందులో జీఎల్-5 దాదాపు ఒక లీటరు, గేరుబాక్సులో 2 లీటర్లు. ఒకే కారు, రెండు గూళ్లు, రెండు ఆయిళ్లు. ఎంఎక్స్-5 గేరుబాక్సుకు జీఎల్-4, జీఎల్-5 రెండూ పనికొస్తాయని మాన్యువల్ పుస్తకం చెబుతుంది. అలా రెండింటికీ అనుమతి ఉన్నచోట నేనైతే జీఎల్-4కే ఓటేస్తాను. జీఎల్-4 మాత్రమే అని రాసి ఉంటే ఇంక చర్చే లేదు.

రెండో తిరకాసు 75డబ్ల్యూ-90 లాంటి అంకెలు. ఇంజన్‌లో 40 పోస్తాం, గేరుబాక్సుకు ఏకంగా 90 అంటే తారులా ఉంటుందేమో అనుకుంటారు. ఈ రెండు అంకెలూ వేర్వేరు కొలతలు. చిక్కదనాన్ని సెంటీస్టోకుల్లో కొలుస్తారు, మామూలు నీళ్లది దాదాపు 1. నూరు డిగ్రీల వేడి దగ్గర ఇంజన్ ఆయిల్ 40 చిక్కదనం 12.5 నుంచి 16.3. గేర్ ఆయిల్ 90ది 13.5 నుంచి 18.5. దాదాపు అన్నదమ్ములే. 75డబ్ల్యూ-80 తీసుకుంటే ఆ అంకె 11 దాటదు.

డబ్ల్యూ అంటే వింటర్, చలిలో పారే గుణానికి గుర్తు. 75డబ్ల్యూను మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూను మైనస్ 26 దగ్గర పరీక్షిస్తారు. ‘మన విజయవాడలో మైనస్ ఎక్కడిది?’ అనే ప్రశ్న న్యాయమైనదే. ఎంఎక్స్-5 పుస్తకమే పది డిగ్రీలకు పైన ఉండే చోట 80డబ్ల్యూ-90 చాలంటుంది. షికాగోలో జనవరి పొద్దున కారు తీసేవారికి మాత్రం 75డబ్ల్యూ తప్పదు.

అయినా మన ఎండల్లోనూ సింథటిక్ 75డబ్ల్యూ-90 మేలని నేననడానికి వేరే కారణం ఉంది. కంపెనీలు ఇచ్చే వివరాల పత్రంలో రెండు అంకెలు ఉంటాయి, 40 డిగ్రీల దగ్గర చిక్కదనం, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఆగి ఉన్న కారు గేరుబాక్సులోని ఆయిల్ ఇంజన్ స్టార్ట్ చేయకముందే 40 డిగ్రీల మీద ఉంటుంది. అంటే మన ‘చల్లటి’ గేరుబాక్సుకు ఆ మొదటి అంకే వర్తిస్తుంది. మామూలు మినరల్ 80డబ్ల్యూ-90 అక్కడ 140 చుట్టుపక్కల ఉంటే, మంచి సింథటిక్ 75డబ్ల్యూ-90 వంద చుట్టుపక్కల ఉంటుంది. వేడెక్కాక రెండూ 15కు అటూ ఇటూ చేరతాయి. కాబట్టి పళ్లకు దక్కే రక్షణ ఒకటే, బయల్దేరిన మొదటి పది నిమిషాల్లో రింగు పడే ప్రయాస మాత్రం తగ్గుతుంది. డబ్బా ముందున్న బొమ్మ కంటే ఈ రెండు అంకెలు చూసి కొనండి.

ఇంకా పల్చటిది, ఆటోమేటిక్ కార్లలో పోసే ఏటీఎఫ్, పోస్తే ఇంకా బాగుంటుందా? కార్వెట్, కమారో లాంటి అమెరికన్ కార్లలో వచ్చిన ట్రెమెక్ టీ-56 ఆరు గేర్ల బాక్సుకు డెక్స్‌రాన్-3 ఏటీఎఫ్‌నే సిఫార్సు చేశారు. దాని చిక్కదనం వేడి మీద ఏడు చుట్టుపక్కలే. పాత హోండాల మాన్యువల్ గేరుబాక్సుల్లో 10డబ్ల్యూ-30 ఇంజన్ ఆయిల్ పోయమన్నారు, తర్వాత ఎంటీఎఫ్ పేరుతో సొంత ఆయిల్ తెచ్చారు. మన దగ్గర ఇప్పటికీ అపురూపంగా చూసుకునే హోండా సిటీ 1.5 వీటెక్‌లు ఉన్నవాళ్లు ఆ ఎంటీఎఫ్‌నే పట్టుకోవడం మంచిది. ఆ బాక్సుల పళ్లు, బేరింగులు, రింగులు పల్చటి ఆయిల్‌కు తగ్గట్టే తయారయ్యాయి. తొంభై కోసం తయారైన బాక్సులో ఏడు పోస్తే చలిలో వెన్నలా పడుతుంది, ట్రాక్ మీద అరగంట వాయించాక పళ్ల మధ్య పొర నిలవదు.

‘జారుడు మందు’ సీసాల జోలికి మాత్రం వెళ్లకండి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో కలిపేవి, టెఫ్లాన్ అని రాసి ఉండేవి, అన్నీ రాపిడిని తగ్గించేవే. మన రింగుకు కావాల్సింది సరిగ్గా ఆ రాపిడే.

డబ్బు సంగతి కూడా తేల్చేద్దాం. మంచి ఆయిల్‌కు లీటరుకు 500 రూపాయలు ఎక్కువైందనుకుందాం, రెండు లీటర్లకు వెయ్యి. గట్టిగా నడిపే కారుకు 48,000 కిలోమీటర్లకోసారి మార్చారనుకుంటే, రోజుకు 40 కిలోమీటర్ల లెక్కన మూడేళ్ల మూడు నెలలు. నెలకు పాతిక రూపాయలు. సింక్రో రింగు మార్చాలంటే గేరుబాక్సు కిందికి దించి, విప్పి, మళ్లీ కట్టాలి. ఆ కూలి ముందు ఈ పాతిక లెక్కలోకే రాదు.

అయితే జేబులో చెయ్యి పెట్టేముందు తప్పు ఆయిల్‌దేనా అని చూసుకోవాలి. ఇంజన్ ఐడ్లింగులో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదు సెకన్లు ఆగి, రివర్స్ వేయండి. అప్పటికీ గరగరమంటే క్లచ్ సరిగా వదలడం లేదని అర్థం, ఏ ఆయిల్ పోసినా ఆ జబ్బు పోదు. ఎంఎక్స్-5లో క్లచ్ స్లేవ్ సిలిండర్ కారడం మామూలే, ముందు అక్కడ చూడాలి. గేరు చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, వేడెక్కాక దారికొస్తోందంటే ఆయిల్ మార్పు ఫలిస్తుంది. వేడి మీద కూడా గరగరలాడుతోందంటే రింగు అరిగిపోయిందేమో చూపించండి. ఈలోగా మన పాత లారీ డ్రైవర్ల డబుల్ క్లచ్ పైసా ఖర్చు లేని వైద్యం. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు న్యూట్రల్లో క్లచ్ వదిలి, చిన్న రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేస్తే రింగు చేయాల్సిన పని చాలామటుకు ఇంజనే చేసేస్తుంది.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. డ్రెయిన్ ప్లగ్ విప్పేముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూడండి. అది బిగుసుకుపోయి ఉంటే, ఆయిలంతా కారిపోయాక కొత్తది పోసే దారి ఉండదు. రెండోది, కారు సమతలంగా ఉండగా ఫిల్లర్ రంధ్రం అంచు దాకా వచ్చి కారేవరకే పోయాలి. ఎంఎక్స్-5 పాత మోడళ్లలో గేరు రాడ్డు అడుగున ఒక చిన్న గిన్నె విడిగా ఉంటుంది. అందులో పట్టేది వంద మిల్లీలీటర్ల లోపే. గేరుబాక్సులో ఎంత మంచి ఆయిల్ పోసినా ఈ గిన్నె ఎండిపోయి ఉంటే రాడ్డు బిరుసుగానే ఉంటుంది. చాలా వర్క్‌షాపులు దీన్ని తెరవవు, మీరే అడిగి తెరిపించాలి.

తీసిన ఆయిల్‌ను ఎండలో పెట్టి చూడండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే కంగారు అక్కర్లేదు, అది మామూలు అరుగుదల. ఆయిల్లో బంగారు రజనులా మెరుస్తూ, అయస్కాంతానికి అంటని పొడి తేలుతోందంటే అది ఇత్తడి, అంటే రింగులది. కొంచెమైతే కొత్త ఆయిల్‌తో నడుపుకోవచ్చు. చెంచాడు వచ్చిందంటే ఖరీదైన డబ్బా కొనకండి, ఆ డబ్బును రింగులకు దాచుకోండి.