మిల్లింగు యంత్రమునకు ఇంటి పట్టీలు

మిల్లు అనగానే మనకు పిండిమర తోచును. పాణ్యములో నేను వేడుకకై నడుపు మిల్లింగు యంత్రము వేఱు. బల్లపై బిగించిన ఇనుపముక్కను, గిఱ్ఱున తిరుగు పండ్లకత్తి చెక్కును. బిగింపు సడలినచో ముక్క యెగురును. అట్లే నా వ్రేలు తెగినది. తప్పు నాదే, పట్టీవెనుక దిమ్మె పొట్టిదైనందున పట్టీ ముక్కయంచునే యొత్తి జాఱినది.

పిమ్మట మూలబడిన యెడ్లబండిచక్రపు ఇనుపపట్టాను కమ్మరిచే కాల్పించి, చక్కచేయించి, తునుకలుగా కోసి, నడుమ నిడుపాటి రంధ్రములు తొలిచి క్రొత్త పట్టీలు చేసికొంటిని. వానిని వాడుటలో నియమములు రెండు. వెనుకదిమ్మె ముక్కకంటె కొంచె మెత్తుండవలెను. బోల్టు ముక్కకు చేరువగా నుండవలెను. కఱ్ఱకు బరువు వ్రేలగట్టి యిద్దఱు మోయునపుడు, బరువు చేరువవానిపైనే హెచ్చుగదా! బోల్టు ముక్కకు 1 అంగుళము, దిమ్మెకు 2 అంగుళముల దూరమున నున్నచో, బిగువులో మూడింట రెండుపాళ్లు ముక్కపై బడును.

మీ యింటి కుఱ్ఱవా డిట్టి యంత్రముకడ నిలిచినచో, మీట నొక్కకమున్నే యీ రెండును చూచుకొమ్మని చెప్పుడు.