ఆరు రేకుల పూలతోట

పాత చీరలూ, దర్జీ దగ్గర మిగిలిన ముక్కలూ... మనింట్లో అయితే ఏ మూటలోనో పడి ఉంటాయి. లేదంటే తుడిచే గుడ్డలవుతాయి. కానీ అలాంటి పీలికలతోనే ఒకప్పుడు కొందరు ఆడపిల్లలు జైల్లో పూలతోట వేశారు!

1942 ఫిబ్రవరి 15. రెండో ప్రపంచయుద్ధంలో సింగపూర్ జపాన్ సేనల వశమైంది. అక్కడున్న బ్రిటిష్ తదితర పౌరులను పిల్లాపాపలతో సహా చాంగీ జైల్లో పెట్టారు. 600 మంది కోసం కట్టిన జైలది. అందులో వేలమందిని కుక్కారు. ఆ ఇరుకులోనే ఎలిజబెత్ ఎనిస్ అనే ఆవిడ ఇరవై మంది దాకా బాలికలను పోగుచేసి గైడ్స్ దళం నడిపింది. ఆమె పుట్టినరోజుకి ఏదైనా కానుక ఇవ్వాలనుకున్నారు పిల్లలు. కొనడానికి ఏముందక్కడ? దొరికిన గుడ్డముక్కలనే ఆరు మూలలుగా కత్తిరించారు. పాత బట్టల కుట్లు విప్పి దారం తీశారు. ఆమెకు తెలియకుండా పువ్వు పక్కన పువ్వు చేర్చి బొంత కుట్టారు. పువ్వుల మధ్యలో తమ పేర్లు దారంతో రాసుకున్నారు. ఆ బొంత ఇప్పుడు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇంతకీ ఆరు మూలలే ఎందుకు? తేనెపట్టు చూడండి, సందన్నది ఉండదు. షడ్భుజిలో ఒక్కో కోణం 120 డిగ్రీలు. మూడు ముక్కలు ఒకచోట కలిస్తే 360... ఖాళీకి చోటేదీ! ఒకదాని చుట్టూ ఆరు చేరిస్తే పువ్వు. దాని చుట్టూ 12, ఆపైన 18... ఇలా ఎంతైనా పెంచుకోవచ్చు. పాశ్చాత్యులు ముద్దుగా ‘బామ్మ పూలతోట’ అని పిలుచుకునే డిజైను ఇదే.

మిషన్ అక్కర్లేదు. పిల్లల జామెట్రీ బాక్సు చాలు. పాత శుభలేఖ అట్టమీద అంగుళం వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అదే కొలతతో చుట్టూ ఆరు గుర్తులు పెట్టి కలిపితే షడ్భుజి వచ్చేస్తుంది. అలాంటివి ఏడు కత్తిరించుకోవాలి. గుడ్డను అట్టకన్నా చుట్టూ పావు అంగుళం ఎక్కువ ఉండేలా కత్తిరించి, అంచులు వెనక్కి మడిచి టాకా వేయండి. రెండు ముక్కల పైవైపులు ఎదురెదురుగా పెట్టి, సూది అట్టకు తగలకుండా గుడ్డ అంచుల్ని మాత్రమే దగ్గర దగ్గరగా చుట్టి కుట్టాలి. నాలుగువైపులా కాదు, ఆరువైపులా కుట్టు పడ్డాకే అట్ట తీయాలి. బయటి ముక్కల అంచుల్ని మాత్రం ముందు ఇస్త్రీ చేసి ఆపైన అట్టలు తీస్తే మడత నిలుస్తుంది. సుమారు అయిదంగుళాల పువ్వు తయారు! దిండు గలీబుమీద కుట్టేయొచ్చు. ఓపికుంటే పువ్వులన్నీ కలిపి, కింద పాత నూలుచీర మడతలు పరిచి బొంతే కుట్టుకోవచ్చు. కొత్తబట్టను మాత్రం ముందుగా ఉతికి ఆరేయండి. లేకపోతే తర్వాత రంగు దిగుతుంది, ముడుచుకుపోతుంది.

ఈ సెలవుల్లో ఓ పని చేయండి. అమ్మమ్మ చీర ముక్క నడుమ పెట్టి, చుట్టూ మనవళ్ల పాత చొక్కాలూ, మనవరాళ్ల గౌనులూ చేర్చండి. అందరి పేర్లూ కుట్టండి. చాంగీ పిల్లలు చేసిందీ అదే. మ్యూజియానికి ఎక్కకపోయినా... ఆ బొంత కప్పుకున్న రాత్రి ఇంటిల్లిపాదీ పక్కనే ఉన్నట్టుంటుంది!