సీసీ కెమెరా పాత వీడియోలు ఏమైపోతాయి?

దొంగతనం జరిగిన నెల తర్వాత వెతికితే ఆ వీడియో చాలాసార్లు దొరకదు. ఎందుకు?

కెమెరాలు చూసిందంతా డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టెలోని హార్డ్ డిస్క్‌లో చేరుతుంది. నాలుగు కెమెరాలు ఉన్నాయని, ఒక్కోటి సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుందని అనుకోండి. నాలుగూ కలిపి 8 మెగాబిట్లు, అంటే ఒక మెగాబైట్. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి సుమారు 86 జీబీ! 1 టీబీ డిస్క్ 12 రోజుల్లోపే నిండిపోతుంది. అయినా రికార్డింగ్ ఆగదు. డీవీఆర్ అన్నిటికన్నా పాత వీడియోను చెరిపేసి, ఆ చోటులోనే కొత్తది రాస్తుంది.

కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా సెట్ చేస్తే మరిన్ని రోజులు నిలుస్తుంది. డిస్క్ రాత్రింబవళ్లు పనిచేయాలి కనుక నిఘా కోసమే తయారైనది కొనడం మేలు. ఇక్కడ పొదుపు పనికిరాదు.

ఏదైనా జరిగితే ఆ రోజే వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయమని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి.