ఐరోపా సంధులు - దక్కను సైన్యాలు

కాజీపేట జంక్షన్‌లో విజయవాడ వైపు వెళ్ళే రైలెక్కిన ప్రయాణికుడు ఖమ్మం, మధిర దాటి కొండపల్లి చేరుకుంటాడు. మధిరకూ కొండపల్లికీ నడుమ నేడు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల సరిహద్దు ఉంది. ఈ సరిహద్దు కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి పూర్వం ఇటు హైదరాబాదు రాజ్యం, అటు మద్రాసు రాజధాని ఉండేవి. ఇరువైపులా పలికే భాష ఒకటే. అడ్డుగా కొండల వరుస గాని, పెద్ద నది గాని లేదు. మరి ఈ గీత ఎలా ఏర్పడింది? వరంగల్లును ఏలిన నిజాముల చేతి నుండి మచిలీబందరు రేవు ఎలా జారిపోయింది?

దీనికి జవాబును దక్కనులోనే వెదికితే సగమే దొరుకుతుంది. తక్కిన సగం లండన్, పారిస్, వియన్నా, ఇస్తాంబుల్ నగరాలలో కుదిరిన స్నేహాలలోను, చెడిన స్నేహాలలోను ఉంది.

బుస్సీ దళం - సర్కారు జిల్లాలు

1746లో అడయారు నది ఒడ్డున ఒక చిన్న ఫ్రెంచి దళం ఆర్కాటు నవాబు పెద్ద సైన్యాన్ని ఓడించింది. వరుసగా నిలిచి ఆగకుండా తుపాకులు పేల్చే కాల్బలం ముందు, త్వరగా పేలే ఫిరంగుల ముందు ఆశ్వికదళం నిలువలేదని దక్కను పాలకులు గ్రహించారు. అటువంటి సైన్యాన్ని తాము తయారు చేసుకోవడానికి ఏళ్ళు పడుతుంది. అద్దెకు తెచ్చుకుంటే వెంటనే దొరుకుతుంది. వారు రెండవ మార్గాన్నే ఎన్నుకున్నారు.

ఆ సైన్యాల అసలు యజమానులు ఎక్కడున్నారో చూపే సంఘటన ఒకటి వెంటనే జరిగింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నారు. 1748లో ఐరోపాలో కుదిరిన సంధి ప్రకారం దానిని ఆంగ్లేయులకు తిరిగి ఇచ్చివేశారు. అందుకు బదులుగా వారికి దక్కింది ఉత్తర అమెరికాలోని లూయీబర్గ్ కోట! మద్రాసు భవితవ్యాన్ని నిర్ణయించేటప్పుడు ఆర్కాటు నవాబును గాని, హైదరాబాదు సుబేదారును గాని అడిగినవారు లేరు.

1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ దక్కను సుబేదారు అయ్యాడు. బుస్సీ దళం జీతాల నిమిత్తం 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి వ్రాసి ఇచ్చాడు. అయిదేళ్ళపాటు ఈ ఏర్పాటు సాగింది.

ఇంతలో ఐరోపాలో పక్షాలు తారుమారైనాయి. 1756 జనవరిలో ఇంగ్లండు ప్రష్యాతో ఒప్పందం చేసుకున్నది. అదే ఏడాది మే నెలలో ఫ్రాన్సు తన చిరకాల శత్రువైన ఆస్ట్రియాతో చేతులు కలిపింది. నిన్నటి వరకు ప్రష్యా ఫ్రాన్సుకు, ఆస్ట్రియా ఇంగ్లండుకు మిత్రులు. ఈ మార్పు యుద్ధవ్యూహాలనే మార్చివేసింది. కొత్త మిత్రుని కోసం ఫ్రాన్సు తన బలగంలో పెద్ద భాగాన్ని జర్మను భూములలో దింపవలసి వచ్చింది. ఆంగ్లేయులు ప్రష్యా రాజుకు ధనసహాయం చేసి, తమ నౌకాబలాన్ని సముద్రాల మీదికి మళ్ళించారు.

దాని ఫలితం హైదరాబాదులో కనిపించడానికి ఎంతో కాలం పట్టలేదు. 1758లో పుదుచ్చేరికి వచ్చిన ఫ్రెంచి సేనాధిపతి లాలీ, ఉన్న కొద్ది బలగాన్నంతా మద్రాసు ముట్టడికి సమకూర్చదలచి బుస్సీని వెనుకకు పిలిపించాడు. సలాబత్ జంగ్ దర్బారుకు కాపలా కాసిన దళం అతని అవసరంతో నిమిత్తం లేకుండా వెళ్ళిపోయింది. విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు ఆహ్వానం మీద క్లైవు బెంగాలు నుండి ఫోర్డ్ దళాన్ని పంపాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీబందరు కోట పడిపోయింది. ఫ్రెంచివారికి సాయంగా సేనలతో వచ్చిన సలాబత్ జంగ్, మే నెలలో ఆంగ్లేయులతోనే సంధి చేసుకుని మచిలీబందరు ప్రాంతాన్ని వారికి వదిలాడు. 1766లో నిజాం అలీఖాన్ పేష్కష్ చెల్లింపు షరతు మీద ఉత్తర సర్కారులను కంపెనీకి ఒప్పగించాడు. మన రైలు దాటే సరిహద్దుకు మూలం ఇది.

ఇక్కడ ఒక విచిత్రాన్ని గమనించాలి. 1763 ఫిబ్రవరిలో కుదిరిన పారిస్ సంధిలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు సలాబత్ జంగ్‌ను దక్కనుకు న్యాయమైన సుబేదారుగా అంగీకరించాయి. ఆనాటికి అతడు పదవి పోయి తమ్ముని చెరలో ఉన్నాడు. ఆ ఏడాదే మరణించాడు.

రేమండ్ దళం

ఈ పాఠం హైదరాబాదు దర్బారుకు తెలియనిది కాదు. అయినా మరో ముప్పై ఏళ్ళకు అదే కథ పునరావృతమైంది. 1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాలు నిజాం అలీఖాన్‌ను ఓడించారు. అప్పటి గవర్నరు జనరలు సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. నిజాముకు ఆంగ్లేయుల మీద నమ్మకం సడలింది. 1786 నుండి కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని ఆయన మరింత పెంచాడు. కొన్ని వందల మందితో మొదలైన ఆ దళం 1798 నాటికి సుమారు 14,000 మందికి చేరింది. మూసారాంబాగ్ పేరులో నేటికీ మిగిలి ఉన్నది ఆ రేమండ్ పేరే.

నిజాము దృష్టిలో అది మరాఠాల నుండి రక్షణ. ఆంగ్లేయుల దృష్టిలో మాత్రం అది శత్రుసైన్యం. ఎందుకంటే 1793 నుండి ఫ్రాన్సుతో వారికి యుద్ధం జరుగుతున్నది. తొలుత ఆంగ్లేయుల పక్షాన ఉన్న డచ్చి దేశం 1795లో ఫ్రెంచివారి వశమైంది. వెంటనే ఆంగ్లేయులు డచ్చివారి తిరుకోణమలను, కొచ్చిని, మన తీరంలోని భీమునిపట్నం, జగన్నాథపురం స్థావరాలను ఆక్రమించుకున్నారు. 1796లో స్పెయిన్ ఫ్రాన్సు వైపు మారింది. 1797లో ఆస్ట్రియా సంధి చేసుకుని తప్పుకున్నది. ఇంగ్లండు ఇంచుమించు ఒంటరిదైంది.

ఈ స్థితిలో 1798లో వెల్లస్లీ గవర్నరు జనరలుగా వచ్చాడు. టిప్పూ సుల్తాన్ సహాయం కోరిన సంగతిని మారిషస్ ఫ్రెంచి గవర్నరు బహిరంగ ప్రకటనగా వెలువరించాడు. ఆ పిలుపుకు మైసూరు చేరిన వాలంటీర్లు వందమందికి లోపే. కాని ఆ కాగితం వెల్లస్లీకి కావలసిన కారణాన్ని ఇచ్చింది. మైసూరు మీదికి వెళ్ళేముందు వెనుకనున్న ఫ్రెంచి దళాన్ని తొలగించాలని అతడు నిశ్చయించాడు. రేమండ్ ఆ ఏడాది మార్చిలోనే మరణించాడు. పూనా చెర నుండి తిరిగి వచ్చిన దివాన్ అరస్తూ జా ఆంగ్లేయుల మైత్రికే మొగ్గాడు. 1798 సెప్టెంబరు 1న సంధి జరిగింది. ఆరు వేల మంది కంపెనీ సిపాయిలకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి దళం రద్దు కావాలి. అక్టోబరులో హైదరాబాదులోనే ఆ దళం చేత ఆయుధాలు దింపించారు. అందులోని సిపాయిలు కొందరు కొద్ది నెలలకే ఆంగ్లేయ అధికారుల క్రింద మైసూరు మీదికి నడిచారు.

ఖలీఫా లేఖ

అదే సమయంలో మరొక స్నేహం తలక్రిందులైంది. 16వ శతాబ్దం నుండి ఫ్రాన్సు ఉస్మానియా సామ్రాజ్యానికి మిత్రదేశం. 1798 జూలైలో నెపోలియన్ ఈజిప్టు మీద దిగాడు. సుల్తాన్ మూడవ సలీం ఫ్రాన్సు మీద యుద్ధం ప్రకటించి, ఇంగ్లండుతోనూ, ఆరేళ్ళ క్రితం దాకా తనతో పోరాడిన రష్యాతోనూ జతకట్టాడు. ఆంగ్లేయుల కోరికపై ఆయన టిప్పూకు లేఖ వ్రాశాడు. ఫ్రెంచివారిని నమ్మవద్దని, ఆంగ్లేయులతో వైరం మానుకోవలసిందని దాని సారాంశం. ఆ లేఖను 1799 జనవరిలో శ్రీరంగపట్నానికి పంపినవాడు వెల్లస్లీయే!

టిప్పూ ఖలీఫా పట్ల గౌరవం ప్రకటిస్తూ జవాబు వ్రాశాడు. ఆంగ్లేయుల మీద తన ఫిర్యాదులను కూడా విన్నవించాడు. అదే నెలలో కైరో నుండి నెపోలియన్ వ్రాసిన లేఖ దారిలోనే ఆంగ్లేయుల చేతికి చిక్కింది. అంతకుముందే, ఆగస్టులో, నెల్సన్ ఫ్రెంచి నౌకలను అబూకీర్ వద్ద నాశనం చేశాడు. ఇక సహాయం వచ్చే మార్గమే లేదు. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. ముట్టడించిన సేనలలో మీర్ ఆలం నాయకత్వాన హైదరాబాదు సైన్యమూ ఉంది.

విజయంలో నిజాముకు దక్కిన భాగం కూడా నిలువలేదు. 1800 అక్టోబరు సంధిలో, సైన్యపు ఖర్చుల క్రింద, మైసూరు నుండి తనకు వచ్చిన ప్రాంతాలను ఆయన కంపెనీకి దత్తం చేశాడు. బళ్ళారి, అనంతపురం, కడప మొదలైన ఆ ‘దత్త మండలాల’లోని తెలుగు భాగాన్నే తరువాత రాయలసీమ అన్నాము.

గ్రహించవలసిన విషయం

ఈ చరిత్రను చదివి నిజాము పిరికివాడనో, టిప్పూ తొందరపడ్డాడనో తీర్పు చెప్పడం సులభం. ఇద్దరూ తమ ఎదుటనున్న శత్రువును సరిగానే చూశారు. నిజాముకు మరాఠాల భయం నిజమైనది. టిప్పూకు కంపెనీ భయం అంతకంటె నిజమైనది. కాని వారు ఆధారపడిన బలం మరొకరిది. ఆ బలం ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు తరలిపోతుందో నిర్ణయించే చోట వీరికి స్థానం లేదు. సలాబత్ జంగ్ ఫ్రెంచి దళంతోపాటు ఫ్రాన్సు శత్రువులను కూడా తెచ్చుకున్నాడు. నిజాం అలీఖాన్ అదే చేశాడు. ఆరు నెలల ఓడ ప్రయాణం తరువాత వార్త చేరేసరికి మిత్రుడు శత్రువుగా మారి ఉండేవాడు.

మధిర దాటిన తరువాత రైలు కిటికీ నుండి చూస్తే ఆ సరిహద్దు కంటికి కనిపించదు. పొలాలు పొలాలలో కలిసిపోయి ఉంటాయి. దానిని గీచిన ఒప్పందాల వెనుకనున్న రాజధానులు ఎంత దూరాన ఉన్నాయో ఆ ఊళ్ళవారికి ఎవరూ చెప్పలేదు.