నోటి గాయం: కత్తా, లేజరా?

పగిడ్యాల మండలం 2022లో నంద్యాల జిల్లాలో చేరినప్పటికీ, పెద్ద వైద్యానికి దగ్గరి పట్టణం నేటికీ కర్నూలే. నోటిలో మానని పుండుతో అక్కడికి వెళ్లినవారికి డాక్టరు “చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి” అని చెప్పగానే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. కత్తి తగిలితే పుండు క్యాన్సరుగా మారుతుందన్నది ఒకటి. లేజర్ ఉండగా కత్తి ఎందుకన్నది మరొకటి. మొదటిది అపోహ. రెండవది సబబైన ప్రశ్నే.

కత్తి వేడి పుట్టించదు. కోసిన అంచులు సజీవంగా ఉంటాయి కనుక కుట్లు వేస్తే త్వరగా అతుక్కుంటాయి. రక్తస్రావమే దాని ఇబ్బంది. విద్యుత్ పరికరం వేడితో రక్తనాళాలను మూసివేస్తుంది, కాని పక్కనున్న కణజాలాన్నీ కొంత కాలుస్తుంది. ఎముకకు సమీపంలో అది ప్రమాదకరం. లేజర్‌తో రక్తం తక్కువగా పోతుంది, తరచు కుట్లు కూడా అవసరం పడవు. అయితే ఆ గాయంపై కొత్త పొర ఏర్పడటానికి కత్తి గాయం కన్నా ఎక్కువ రోజులు పట్టవచ్చు. దానిపై కనిపించే తెల్లని పొరను చీమని భ్రమించి గీకివేయరాదు.

వేడితో చికిత్స కొత్తదేమీ కాదు. పదవ శతాబ్దపు అందలూసియా వైద్యుడు అబుల్ ఖాసిమ్ అజ్‌జహ్రావీ తన 30 భాగాల ‘అత్తస్రీఫ్’ గ్రంథంలో, శస్త్రచికిత్సకు కేటాయించిన చివరి భాగాన్ని కాల్చే పద్ధతులతోనే ఆరంభించి, తరువాత కత్తి కోతలను వివరించారు. నాలుక కింది తంతువును కోయడమూ అందులో ఉంది. ఏ పనికి ఏ పరికరమన్న విచక్షణ ఆనాడే ఉండేది.

అనుమానపు మచ్చ విషయంలో మేము కత్తి వైపే మొగ్గుతాము. చిన్న ముక్కను వేడితో కోస్తే అంచులు మాడి, సూక్ష్మదర్శినిలో కణాలను పోల్చుకోవడం కష్టమవుతుంది. తెల్లని లేదా ఎర్రని మచ్చ రెండు వారాలు దాటినా పోకపోతే, అందునా గుట్కా అలవాటు ఉంటే, భయపడవలసింది కోతకు కాదు, ఆలస్యానికి.

ఇక ఇంటి జాగ్రత్తలు. మొదటి 24 గంటలు గట్టిగా పుక్కిలిస్తే గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. వుజూ సంగతి ఏమిటన్నది ఆలిమ్‌ను ముందే అడిగి తెలుసుకోవాలి. మిస్వాక్‌ను గాయానికి దూరంగా ఉంచాలి. షుగర్ అదుపులో లేకున్నా, గుట్కా మానకున్నా ఏ పరికరంతో కోసినా గాయం ఆలస్యంగానే మానుతుంది. కరిగే దారంతో కుట్లు వేస్తే వాటిని తీయించుకునే ప్రయాణం తప్పుతుంది. పరీక్ష ఫలితం కోసం మాత్రం మళ్లీ వెళ్లక తప్పదు.